పదిహేడో మేకు

కోల్డ్‌బ్యాచ్ మఠం చూడడానికి వచ్చేవాళ్ళలో పదిమందికి ఆరుగురు నెస్టా ప్రీస్‌ను మొదట అడిగేది మరుగుదొడ్డి ఎక్కడని. మిగిలిన నలుగురూ దయ్యం ఎక్కడని అడిగేవారు. ఆవిడ అందరికీ ఒకటే జవాబు చెప్పేది, ఇక్కడ అలాంటిదేమీ లేదని. మరుగుదొడ్డి సంగతిలో మాత్రం ఆ మాట నూటికి నూరుపాళ్ళూ నిజం.

ష్రాప్‌షైర్ పడమటి కొండల్లో, ఇంగ్లండు అంచున, అవతలి గట్టు దాటితే వేల్స్ అనగా, ఆ మఠం ఉంది. ఉందంటే మూడు గోడలూ, గాజు లేని పెద్ద కిటికీ కమానూ, దక్షిణం వైపు మెట్లు దిగితే ఒక నేలమాళిగా ఉన్నాయి. కప్పు పోయి నాలుగు వందల యాభై ఏళ్ళు దాటింది. పక్క పొలం రైతు రూబెన్ గఫ్ గొర్రెలు అక్కడ గడ్డి మేస్తాయి. చుట్టూ రాతి ప్రహరీ, దానికొక ఇనుప గేటు. గేటుకు ఎదురుగా రోడ్డవతల ఉన్న చిన్న ఇంట్లో ఎవరు కాపురముంటే తాళంచెవి వాళ్ళ దగ్గర ఉంటుంది. పొద్దున పదింటికి తెరవాలి, సాయంత్రం అయిదింటికి వెయ్యాలి. ఈ పని చేసినందుకు ఎవరూ ఎప్పుడూ సన్మానం చేయలేదు, నెస్టా కోరనూ లేదు.

ఆవిడ ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు ఇరవై ఒక్కేళ్ళు. కొండవతల గొర్రెల కాపరి కూతురు. బడి వంటింట్లో కూరగాయలు తరిగే పనిలో ఉండగా ఎల్లిస్ ప్రీస్ బంగాళాదుంపల బస్తాలు దింపడానికి వచ్చి, రెండు బస్తాలు ఎక్కువ దింపి, వాటి కోసం మళ్ళీ మర్నాడు వచ్చాడు. ఆ తెలివికి ముచ్చటపడి పెళ్ళాడానని ఆవిడ అనేది. పిల్లలు కలగలేదు. మనిషి సన్నగా, ఎత్తుగా ఉండేది. నాలుక మాత్రం పదును. గోడలెక్కి ఫొటోలు దిగేవాళ్ళని ఆవిడ కిందికి దింపే తీరు చూడడానికి రూబెన్ పని మానుకుని నిలబడేవాడు.

పెళ్ళయి వచ్చిన మూడో రోజు సాయంత్రం, మామగారు ఏమస్ ఆవిడను గేటు దగ్గరికి తీసుకువెళ్ళాడు. గేటు పక్కన గోడకు లోపలివైపు, చిన్న రేకు చూరు కింద ఒక నల్లటి చెక్క పలక ఉంది. దానికి వరసగా మేకులు, మేకులకు అరచేతిలో సగం ఉండే, వెనక పిన్నున్న ఇత్తడి బిళ్ళలు, ఒక్కో బిళ్ళ మీద ఒక్కో అంకె. లోపలికి వచ్చిన ప్రతి మనిషీ ఒక బిళ్ళ తీసుకుని వెళ్ళాలి, వెళ్ళిపోయేటప్పుడు తిరిగి తగిలించాలి. ఎవరికీ మినహాయింపు లేదు. తాళం వేసేవాళ్ళ బిళ్ళ ఒకటో నంబరు. గడ్డి కోయడానికి అడుగుపెట్టినా సరే, అది చొక్కాకు గుచ్చుకునే వెళ్ళాలి.

"అమ్మాయ్, మేకులు లెక్కపెట్టు," అన్నాడు ఏమస్.

ఇరవై నాలుగని చెప్పింది.

"బిళ్ళలు?"

"ఇరవై మూడు. పదిహేడు లేదు మామా. ఎవరో పట్టుకుపోయినట్టున్నారు."

"పట్టుకుపోలేదు. మా జేబెజ్ దగ్గరుంది. వాడింకా రాలేదు," అన్నాడాయన. భోజనానికి ఆలస్యమైన మనిషి గురించి చెప్పినట్టే చెప్పాడు.

జేబెజ్ ఆయన తమ్ముడు. లోయ చివర అప్పట్లో సీసపు గని ఉండేది, అన్నదమ్ములిద్దరూ అందులోనే పని చేసేవారు. గనిలోకి దిగేవాడు పలక మీంచి తన బిళ్ళ తీసుకుని దిగుతాడు, పైకొచ్చాక తగిలిస్తాడు. పలక మీద ఒక్క మేకు ఖాళీగా ఉన్నా పైనున్నవాళ్ళు మనుషుల్ని ఎక్కించే బోనును ఆపకూడదు, దీపం తియ్యకూడదు. అది గనివాళ్ళ కట్టుబాటు. పంతొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరం మార్చి నెలలో కింది మట్టంలో నీళ్ళు విరుచుకుపడ్డాయి. దిగిన పదకొండు మందిలో పదిమంది వచ్చారు. పదిహేడో మేకు ఖాళీగా ఉండిపోయింది. జేబెజ్‌కు అప్పుడు పంతొమ్మిదేళ్ళు. తొమ్మిది రోజులు బోను ఆడించి, పదో రోజు మేనేజరు ఆపించేశాడు. అంతవరకూ ఎవరి మీదా చెయ్యెత్తని ఏమస్ ఆ రోజు ఆ మేనేజరు పళ్ళు రెండు రాలగొట్టాడు.

గనిలోని పాత మట్టం నుంచి మఠం నేలమాళిగ దాకా ఒక సొరంగం ఉంది. మఠంలో సన్యాసులున్న కాలంలో సీసం తవ్వుకుంటూ నీళ్ళు పోవడానికి తవ్వించిందట. చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ ఇటు నుంచి పాక్కుంటూ చాలా లోపలిదాకా వెళ్ళి తన్నులు తిన్నారు. నీళ్ళొచ్చినప్పుడు జేబెజ్‌కు ఆ దారి గుర్తొచ్చి ఉంటుందనీ, ఆ వైపే పాకి ఉంటాడనీ ఏమస్ నమ్మకం. సొరంగం మూతిలో రాళ్ళు కూలి, బోర్లా పడుకుంటే మనిషి పట్టేంత సందు మాత్రం మిగిలింది. దాంట్లోంచి చలికాలమైనా ఎండాకాలమైనా తడి ఇనుము వాసనతో చల్లటి గాలి బయటికి కొడుతూ ఉండేది. తర్వాత గని మూసేసిన రోజు ఏమస్ ఆ పలకను గోడ నుంచి ఊడదీసి భుజాన వేసుకుని నడిచి వచ్చేశాడు. ఎవరూ అడ్డుపెట్టలేదు. గేటుకెదురుగా ఉన్న ఇల్లు ఖాళీ అయినప్పుడు అదే ఇల్లు కావాలని పట్టుబట్టి తీసుకున్నాడు.

ఆ గేటు తాళానికి రెండు తిప్పులున్నాయి. ఒక తిప్పుకు గేటు మూసుకుంటుంది గాని, లోపలివైపు నుంచి వేలితో నాలుకను వెనక్కి నొక్కితే తెరుచుకుంటుంది. రెండో తిప్పు కూడా తిప్పితే లోపలివాడు ఇక లోపలే. తాళం వేసేముందు పలక చూడాలి. ఏ మేకైనా ఖాళీగా ఉంటే నేలమాళిగ మెట్ల దగ్గర నిలబడి మూడుసార్లు కేకెయ్యాలి. బయటికి వచ్చేశానని జవాబొస్తే రెండో తిప్పు తిప్పాలి. జవాబు రాకపోతే ఒక్క తిప్పే తిప్పి ఇంటికి రావాలి. ఏమస్ ముప్పై ఏళ్ళ పాటు ప్రతి సాయంత్రం మూడుసార్లు కేకేశాడు, ప్రతిసారీ ఒక్క తిప్పే తిప్పాడు.

కొత్తలో నెస్టాకు నవ్వొచ్చేది. మూడేళ్ళు గడిచాక నవ్వు పోయి విసుగొచ్చింది. ఏమస్ మంచంలో పడి, ఊపిరి అందని ఆఖరి వారంలో, ఆవిడ చెయ్యి పట్టుకుని కొడుకును అడగని మాట ఆవిడను అడిగాడు. ఎల్లిస్ సోమరి, వర్షమొస్తే కేకెయ్యడం మానేస్తాడు, నువ్వు మాటంటే మాటే, పదిహేడో మేకు నిండేదాకా రెండో తిప్పు తిప్పనని చెప్పమన్నాడు. ఆవిడ చెప్పింది. ఆ మాటే ఆవిడ బతుక్కి గుదిబండైంది. ఆవిడ పేరు చెప్పగానే ఊళ్ళోవాళ్ళకి గుర్తొచ్చేదీ అదే.

ఆ మాట ఆవిడ ఒకే ఒక్కసారి తప్పింది.

తొంభై నాలుగో సంవత్సరం నవంబరులో ఎల్లిస్ లారీ స్టీరింగు ముందు కూర్చుని, చెయ్యి గుండె మీద వేసుకుని అలాగే పోయాడు. అంత్యక్రియలయ్యాక వచ్చినవాళ్ళంతా చల్లటి మాంసమూ రొట్టే తిని, టీ తాగి వెళ్ళిపోయారు. నల్లబట్టల్లోనే ఆవిడ గేటు వేయడానికి వెళ్ళింది. పలక చూసింది. ఈ కుటుంబమంతా అరవై ఏళ్ళుగా ఒక కంత ముందు నిలబడి ఎవరికోసమో ఎదురుచూస్తోంది, తన మనిషి మాత్రం ఎవరూ ఎదురుచూడకుండా మట్టిలోకి వెళ్ళిపోయాడు అనుకుంది. ఒళ్ళు మండింది. కేకెయ్యలేదు. తాళంచెవి పెట్టి రెండుసార్లు కసిగా తిప్పింది.

మర్నాడు పొద్దున గేటు కమ్ముల మీద, లోపలివైపు, బూడిదరంగు బురద ఉంది. ఛాతీ ఎత్తున, రెండు చోట్ల, రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నట్టు. వేళ్ళ జాడలు ఎనిమిదీ విడివిడిగా తెలుస్తున్నాయి. కింద గడ్డి ఒకచోట తొక్కి తొక్కి నలిగిపోయి ఉంది. చాలాసేపు నిలబడ్డ మనిషి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటాడే, అలా నలిగింది.

ఆవిడకు భయం వేసింది. భయం కంటే సిగ్గు ఎక్కువ వేసింది. ఇంటికెళ్ళి బక్కెట్టుతో నీళ్ళు తెచ్చి కమ్ములు కడిగేసింది. ఆ బురద పట్టిన గుడ్డ ఎన్నిసార్లు ఉతికినా తెల్లబడలేదు. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఇరవై అయిదేళ్ళు, జ్వరమొచ్చినా మంచు పడినా, ఆవిడ కేకెయ్యని సాయంత్రం లేదు. ఆ కేకే ఆవిడ రోజులో ఆఖరి మాట అయ్యేది. ఇంటికొచ్చి తలుపేసుకుంటే, వచ్చావా అని అడిగేవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

నిరుడు సెప్టెంబరులో పురాతన కట్టడాల ఆఫీసు నుంచి టామ్‌సిన్ ఓరెల్ అనే అమ్మాయి వచ్చింది. మంచి పిల్ల, బూట్లు గుమ్మం బయటే విప్పి వచ్చింది. నెస్టా పెట్టిన డామ్సన్ పళ్ళ జామ్ రెండుసార్లు వేసుకు తింది. అప్పుడు గాని అసలు సంగతి చెప్పలేదు. అక్టోబరు ఆఖరు సోమవారం నుంచి గేటుకు కొత్త తాళం వస్తుంది, కరెంటుది, పదింటికి తనంతట తనే తెరుచుకుని అయిదింటికి తనంతట తనే పడిపోతుంది. పలకను జిల్లా మ్యూజియంలో గాజు పెట్టెలో పెడతారు. ఇన్నేళ్ళ సేవకు ఆఫీసు తరఫున పూలగుత్తి ఇస్తారు.

నెస్టా టీ కలిపింది. ఆ తాళం లోపలి నుంచి తెరుచుకుంటుందా అని అడిగింది.

"లేదండీ. లోపల ఎవరైనా ఉండిపోతే గేటు మీద ఫోన్ నంబరు ఉంటుంది. ఫోన్ చేస్తే మేం తీస్తాం."

"వాడి దగ్గర ఫోన్ లేదమ్మా," అంది నెస్టా.

టామ్‌సిన్ ఎవరి గురించని అడగలేదు. ఊళ్ళో ఎవరో ముందే చెప్పి ఉంటారు. తన చేతిలో ఏమీ లేదని మెల్లగా చెప్పి, పలకను ఫొటో తీసుకుంది. చేతిలో ఉన్న జాబితాలో 'బిళ్ళలు ఇరవై మూడు' అని రాసుకుని వెళ్ళిపోయింది.

సంగతి తెలిసి రూబెన్ గోడ మీద మోచేతులు ఆనించి పరామర్శకు నిలబడ్డాడు. డెబ్భై ఆరేళ్ళ మనిషి, నడుం నొప్పితో సగం వంగిపోయాడు. ఇకనుంచి సాయంత్రాలు హాయిగా టీవీ చూసుకోవచ్చు గదా అన్నాడు.

"నీ మొహం రోజూ చూడక్కర్లేదు, అదే పెద్ద హాయి," అంది నెస్టా.

రూబెన్ నవ్వాడు గాని ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. గనిలోంచి బతికి వచ్చిన పదిమందిలో వాళ్ళ తాత ఒకడు. టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, నేలమాళిగ వైపు గడ్డంతో చూపించాడు.

"మరి అతనికి చెప్పావా?"

అది తనకు తట్టనందుకు నెస్టాకు తనమీద తనకే కోపమొచ్చింది. ఎనభై మూడేళ్ళుగా గేటు ఇవాళ కాకపోతే రేపైనా తెరిచే ఉంటుందన్న ధీమాతో ఉన్న మనిషికి, ఇక ఉండదని ఎవరో ఒకరు చెప్పాలి గదా. చెప్పకుండా తాళం పడితే అది ఏమస్‌కు ఇచ్చిన మాట తప్పడమే. ఆ బురద చేతులు మళ్ళీ కమ్ముల మీద ప్రతి రోజూ పడతాయి. ఈసారి కడగడానికి కూడా తాళంచెవి తన దగ్గర ఉండదు. ఆ ఆలోచనతో ఆవిడ ఆ నెల సరిగ్గా నిద్రపోలేదు.

ఆఖరి ఆదివారం ఎనిమిది మంది వచ్చారు. ఎనిమిది బిళ్ళలూ తిరిగి వచ్చాయి. చివరికి మిగిలిన మొగుడూ పెళ్ళాలిద్దరు మ్యాపు విషయంలో పోట్లాడుకుంటూ కారెక్కి వెళ్ళిపోయారు. చలికాలానికని గడియారాలు గంట వెనక్కి తిప్పిన రోజు కావడంతో అయిదు కాకముందే వెలుగు పలచబడింది. గొర్రెలన్నీ పై గోడ వైపు దగ్గరగా చేరి ఉన్నాయి. నేలమాళిగ మెట్ల చుట్టూ ఒక్కటీ లేదు.

నెస్టా మెట్లు దిగింది. ఎప్పుడూ పై మెట్టు మీద నుంచే కేకేసేది, ఆ రోజు మెట్ల కింద అడ్డంగా కట్టిన తాడు దాటి సొరంగం మూతి దాకా వెళ్ళింది. గాలి మొహానికి కొట్టింది. మూడుసార్లు ఎప్పటిలాగే పిలిచింది.

"గేటు వేస్తున్నాం. లోపలెవరైనా ఉన్నారా?"

మూడోసారి అయ్యాక ఎప్పుడూ వెనుదిరిగేది. ఈసారి రాయి మీద కూర్చుంది. చీకటి సందులోకి వంగి, మామూలు గొంతుతో మాట్లాడింది. తను ఏమస్ కోడలినని చెప్పింది. ఏమస్ పోయి నలభై ఏళ్ళయిందనీ, ఎల్లిస్ కూడా పోయాడనీ చెప్పింది. ఒకసారి కసికొద్దీ రెండో తిప్పు తిప్పింది తనేనని చెప్పి, తప్పయింది క్షమించమంది. అప్పుడు అసలు మాటకు వచ్చింది.

"రేపట్నుంచి తాళం నా చేతిలో ఉండదు. అది ఎవరి మాటా వినదు. వచ్చేదుంటే ఇవాళే వచ్చెయ్యి నాయనా. గేటు బార్లా తీసి ఉంచుతాను."

ఆ మాట అనగానే గాలి ఆగింది. యాభై ఏళ్ళలో ఆ గాలి ఆగడం ఆవిడ ఎరగదు. చెవుల్లో తన రక్తం చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత గాలి మళ్ళీ మొదలైంది, కానీ ఈసారి బయటికి కాదు. ఆవిడ నుదుటి మీది వెంట్రుకలు సందు వైపుకు లాగబడ్డాయి. లోపల చాలా దూరంలో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకున్నట్టు అది లోనికి పోయింది.

నెస్టా పరుగెత్తలేదు. పరుగెత్తడానికి మోకాళ్ళు సహకరించలేదని తర్వాత రూబెన్‌తో చెప్పుకుంది. మెట్లెక్కి, ఒకటో బిళ్ళ తగిలించి, గేటు పూర్తిగా తెరిచి, కింద రాయి అడ్డం పెట్టి ఇంటికి వచ్చింది. కిటికీ తెరలు వేసేసింది. సూప్ వేడి చేసుకుని, తాగకుండా పొయ్యి మీదే వదిలేసి పడుకుంది. ఏం కనపడినా, ఏమీ కనపడకపోయినా తట్టుకోలేననే అటువైపు చూడలేదు.

సోమవారం పొద్దున ఏడున్నరకు పొగమంచు రోడ్డు దాకా వచ్చి నిలబడి ఉంది. గేటు తెరిచే ఉంది. ఆవిడ లోపలికి వెళ్ళి, అలవాటు ప్రకారం చెయ్యి చాచి ఒకటో బిళ్ళ తీసి స్వెట్టరుకు గుచ్చుకుంది. అప్పుడు పలక వైపు చూసింది.

పదిహేడో మేకుకు బిళ్ళ ఉంది.

మిగతా బిళ్ళలు జనం చేతుల్లో అరిగి పసుపుపచ్చగా ఉంటే, అది నల్లగా ఉంది. అంచు వెంట బూడిదరంగు బురద ఇంకా తడిగా ఉంది. వేలు ఆనించింది. అంత చలిలోనూ ఆ బిళ్ళ వెచ్చగా ఉంది. చాలాసేపు గుప్పిట్లో పట్టుకున్నవాడు అప్పుడే తగిలించి వెళ్ళినట్టుంది. నేలమాళిగ మెట్ల నుంచి గడ్డి మీదుగా కింద మేకులు కొట్టిన బూట్ల అడుగులు వచ్చాయి, ఒక కాలు కాస్త ఈడుస్తూ. పలక కింద రెండు పాదాలూ పక్కపక్కన ఆగాయి. అక్కడితో సరి. గేటు బయట తారు రోడ్డు మీద ఏ గుర్తూ లేదు.

రూబెన్ చేసిన పనేమో అని ఒక్క క్షణం అనుకుంది. కానీ రూబెన్ నడుం పట్టేసి శుక్రవారం నుంచి మంచం దిగలేదు, ఆదివారం మధ్యాహ్నం ఆవిడే వాడికి భోజనం తీసుకెళ్ళి ఇచ్చింది. ఆవిడ గోడకు ఆనుకుని ఏడ్చింది. ఎల్లిస్ అంత్యక్రియల నాడు కూడా రాని ఏడుపు అది.

"వచ్చావా నాయనా," అంది. వరసకు ఆవిడకు చినమామగారు. వయసుకు మనవడు.

కళ్ళు తుడుచుకుని గేటు బయటికి వచ్చింది, రాయి తీసి గేటు మూసింది. మేకులన్నీ నిండాయి, మామా, అని మనసులో చెప్పుకుంది. తాళంచెవి ఒకసారి తిప్పి, ఆగి, రెండోసారి తిప్పింది. ఈసారి కసి లేదు. చెయ్యి తేలిగ్గా ఉంది.

తొమ్మిదింటికి టామ్‌సిన్ ఇద్దరు పనివాళ్ళతో వ్యానులో వచ్చింది. నెస్టా మళ్ళీ గేటు తీసింది. పనివాళ్ళు పాత తాళం ఊడదీసి వ్యానులో పడేశారు, కొత్త తాళం బిగించి నాలుగైదుసార్లు పరీక్షించారు. అది ప్రతిసారీ ఒక్కసారి టక్కుమని ఊరుకునేది. అడుగుల గుర్తులు వాళ్ళ బూట్ల కింద పోయాయి. టామ్‌సిన్ జాబితా పట్టుకుని బిళ్ళలు లెక్కపెట్టి, ఇరవై మూడు, సరిపోయాయి అంది. ఇరవై నాలుగుండాలి గదా, ఈ పిల్లకు లెక్క రాదేమిటని నెస్టా అనుకుంది. కానీ లేనిది ఎలా వచ్చిందని అడిగితే ఏం చెప్పాలో తెలియక నోరు మూసుకుంది. పలకను దుప్పటిలో చుట్టి వ్యానెక్కించారు. ఆవిడ తాళంచెవి ఇచ్చి పూలగుత్తి తీసుకుంది. వ్యాను కొండ మలుపు తిరిగి పోయింది.

ఆ రోజంతా నెస్టా ఇల్లు సర్దుకుంది. పూలు కూజాలో పెట్టింది. ఏమస్ ఫొటో దుమ్ము తుడిచింది. మాట చెల్లించిన మనిషికి ఉండాల్సిన నెమ్మది ఆవిడకు సాయంత్రం దాకా ఉంది. అయిదవడానికి కొద్దిగా ముందు, పొయ్యి వేడికి స్వెట్టరు విప్పబోతే చేతికి చల్లగా ఏదో తగిలింది.

ఒకటో బిళ్ళ.

పొద్దున గుచ్చుకున్నది గుచ్చుకున్నట్టే ఉంది. ఏడుపులో తగిలించడం మరిచింది. మేకులన్నీ నిండాయని అనుకుని రెండో తిప్పు తిప్పినప్పుడు కూడా అది ఆవిడ గుండెల మీదే ఉంది. ఆ పిల్ల లెక్క తప్పు కాదు, పదిహేడో బిళ్ళ వచ్చి ఒకటో బిళ్ళ తగ్గింది. యాభై ఏళ్ళలో ఆవిడ తన బిళ్ళ తగిలించకుండా రావడం అదే మొదలు. పలక లెక్క ప్రకారం ఇప్పుడు లోపలున్న మనిషి నెస్టా ప్రీస్.

పలక ఇరవై మైళ్ళ దూరంలో మ్యూజియంలో ఉంది, ఇక ఏ మేకుకు తగిలిస్తాను అనుకుని బిళ్ళను బల్ల మీద పెట్టింది. గడియారం అయిదు కొట్టింది. రోడ్డవతల పొగమంచులో కొత్త తాళం టక్కుమని పడింది.

దాని వెనకే కేక వినపడింది.

"గేటు వేస్తున్నాం. లోపలెవరైనా ఉన్నారా?"

కుర్ర గొంతు. మాట విరుపు అచ్చంగా ఏమస్‌ది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, రెండోసారి అదే మాట. మూడోసారి ఇంకాస్త గట్టిగా, మెట్ల దగ్గర నిలబడి వేసినట్టు. తర్వాత నిశ్శబ్దం. అయితే ఆ కేక వేసినవాళ్ళు వెళ్ళిపోయిన నిశ్శబ్దం కాదది. జవాబు కోసం చెవి ఒగ్గి నిలబడ్డవాళ్ళ నిశ్శబ్దం. నలభై ఏళ్ళు అలా నిలబడింది గనక ఆవిడకు తెలుసు.

నెస్టా లేచి తలుపు దాకా వెళ్ళింది. ఎల్లిస్ పోయాక ఈ ఇరవై అయిదేళ్ళలో తను ఇంటికి చేరిందో లేదో కనుక్కున్నవాళ్ళు లేరు. జవాబు చెప్పకపోతే అక్కడున్నవాడు ఒక్క తిప్పే తిప్పి, రేపూ పిలుస్తాడు, ఎల్లుండీ పిలుస్తాడు. ఎన్నేళ్ళయినా పిలుస్తాడు. అది ఎంత బరువైన పనో ఆవిడ కంటే బాగా ఎరిగినవాళ్ళు లేరు.

తలుపు తీసి గుమ్మంలో నిలబడింది. ఎదురుగా గేటు కమ్ములు మసగ్గా తెలుస్తున్నాయి. లోపల ఏముందో తెలియడం లేదు.

"బయటికొచ్చేశాను," అంది గట్టిగా. "ఇంట్లోనే ఉన్నాను. నువ్వు వేసెయ్యి."

తర్వాత గేటు దగ్గర తాళం రెండోసారి తిరిగింది. ఇనుప నాలుక గాడిలో పడిన ఆ బరువైన చప్పుడు పాత తాళానిది. ఆ పాత తాళం పొద్దున్నే వ్యానులో వెళ్ళిపోయింది.

నెస్టా లోపలికి వచ్చి తలుపు గడియ వేసింది. బల్ల మీది బిళ్ళ తీసి, గుమ్మం పక్కన ఎల్లిస్ కోటు తగిలించే మేకుకు తగిలించింది.